తీగ అప్పగింత

షిఫ్టు 3,201

కడిగినవి: కత్తెరలు నలభై, పట్టుకార్లు ముప్పైయొకటి, ట్రేలు పన్నెండు. ఆవిరిపెట్టె రెండుసార్లు మొరాయించింది. రెండుసార్లూ తన్నాను, పనిచేసింది. చంద్రుడి మీదికి ఎనిమిది వందల మందిని మోసుకొచ్చిన పెద్దలు ఒక సరైన ఆవిరిపెట్టెను మాత్రం తేలేకపోయారు.

ఆఖరి ట్రేలో, మనుషులకు బదులు సూదులు గుచ్చే యంత్రం ఇనుపచెయ్యి వాడిన సూది వంకరపోయి ఉంది. దాని కింద తడిసి ముద్దయిన గుడ్డలు ఆరు. సిరలో సూది దిగితే ఒక్క గుడ్డ చాలు. ఆరు గుడ్డలంటే ధమనిలో గుచ్చినట్టే.

జైనబ్ వచ్చి తలుపు మూసింది. ఈ అంచుపేట ఆసుపత్రిలో ఆమె పెద్ద నర్సు, పదహారేళ్ళ సర్వీసు. నాకు చెల్లెలు లేని లోటు తీర్చింది, తన పిరికితనంతో నా ప్రాణమూ తోడేసింది.

"ఎవలికన్న చెప్పినవా అక్కా?"

"గుడ్డలు నాకు చెప్పినయ్. నేనెవలికి చెప్పలే. రోగి బతికిండా?"

"బతికిండు. ఇరవై నిమిషాలు అదిమి పట్టుకున్న. సారు ఏమో, రోగి కదిలిండని రాయమన్నడు."

"రాసినవా?"

ఆమె నేల చూసింది. రాసిందన్నమాట. దొరికితే దొంగ, దొరకకుంటే దొర. మా ముఖ్య వైద్యుడు విశ్వంభర్ తొమ్మిదేళ్ళుగా దొరగానే ఉన్నాడు.

ఆవిరి చల్లారేదాకా ఖాళీయే కాబట్టి అప్పుడు జరిగింది మళ్ళీ రాస్తాను. ఎన్నిసార్లు రాసినా నా కడుపుమంట ఆరలేదు.

పెద్ద ఆపరేషన్‌కు ముందు మనిషికి సెంట్రల్ లైను పెడతారు. మెడలోని పెద్ద సిరలోంచి గుండె గుమ్మం దాకా పోయే సన్నటి గొట్టం అది. ముందు సూది, సూదిలోంచి మూరెడు పైచిలుకు పొడుగున్న సన్నటి తీగ, తీగ మీదుగా గొట్టం. గొట్టం లోపలికి పోయాక తీగ బయటికి రావాలి. ఇనుపచెయ్యి రాకముందు ఆ పని చేతుల్తో చేసేవాళ్ళం. నర్సుగా ఉన్న పదకొండేళ్ళలో నాలుగు వందల లైన్లు పెట్టాను నేను.

మంచు తవ్వే మా గని జనం అప్పట్లో ఒక ఆచారం పెట్టుకున్నారు. తీగ బయటికొచ్చాక సాక్షి దాన్ని కళ్ళారా చూసి "చూశిన" అనాలి. అప్పుడే రికార్డులో రాయాలి. తర్వాత తీగను కడిగి రోగి ఇంటివాళ్ళ చేతిలో పెట్టాలి. దాన్ని తీగ అప్పగింత అనేవాళ్ళం. ఈ పేటలో ఏ ఇంటికి వెళ్ళినా గోడ మీద మేకుకు చుట్టిన తీగలు ఒకటో రెండో వేలాడుతుంటాయి. ఈ ఇంట్లో ఒకరు చావు దాకా పోయి వచ్చారని లెక్క.

మా ఇంట్లో మేకు మాత్రమే ఉంది.

నా తమ్ముడు ఓదెలు మంచుగనిలో ఒంటి మీద రాయి పడి నలిగాడు. లైను పెట్టింది విశ్వంభర్. నా తమ్ముడు కాబట్టి నేను సూది పట్టకూడదన్నారు, సాక్షిగా నిలబడ్డాను. ఆయనకు తొందర. గొట్టం తోసేటప్పుడు తీగ తోక పట్టుకున్నాడో లేదో ఆయన మోచెయ్యి అడ్డమై నాకు కనిపించలేదు. "తీగ తర్వాత ఇస్తాలే, ముందు రాయి, వాడికి టైం లేదు" అన్నాడు. నేను "చూశిన" అన్నాను. చూడకుండా అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

మూడో షిఫ్టుకు ఓదెలు గుండె అదుపు తప్పి ఆగిపోయింది. చెత్తబుట్టలన్నీ బోర్లించి వెతికాను, తీగ లేదు. ఎక్స్‌రే యంత్రం అప్పుడు మూలపడి ఉంది, దాని కొత్త గొట్టం తర్వాతి రాకెట్‌లో గానీ రాలేదు. ఈలోగా పిల్లగాణ్ణి చల్లగుంటలో పెట్టేశారు. ఇక్కడ ఎవరినీ కాల్చరు, పీల్చే గాలి దండగని. ఎండ తగలని ఆ గుంటలో మనిషి ఎట్లా పెట్టినవాడు అట్లాగే ఉంటాడు.

తీగ లోపలే ఉందని నేను అరిస్తే విశ్వంభర్ రికార్డు తీసి చూపించాడు. "నువ్వే కదమ్మా చూశానన్నావు." అబద్ధపు సాక్ష్యం చెప్పానని నా సర్వీసంతా కొట్టేసి ఈ కడుగుడు గదిలో పడేశారు. నా షిఫ్టుల లెక్క అప్పటినుంచే. ఆయనకు ఇనుపచెయ్యి తెచ్చిన ఘనత దక్కింది. అప్పగింతలు అనాగరికమని ఆచారం ఎత్తేశాడు.

చల్లగుంట నుంచి ఎవరినైనా బయటికి తేవాలంటే ముఖ్య వైద్యుడి సంతకం కావాలి. నాలుగుసార్లు అర్జీ పెట్టాను. నాలుగుసార్లూ ఆయనే తిప్పికొట్టాడు.

షిఫ్టు 3,204

కత్తెరలు యాభై రెండు. సూదులు వంకరపోయినవి రెండు.

ఇనుపచెయ్యి మోచేతి కీలులోకి దుమ్ము పోయింది. ఇక్కడి దుమ్ము బూడిదలా మెత్తగా కనిపిస్తుంది, గాజుముక్కలా కోస్తుంది. కడిగిన నీళ్ళలో ఇనుపరజను తేలుతుంటే చూశాను. విశ్వంభర్ నడవాలో ఎదురైతే ఆపాను.

"సార్, చెయ్యి కీలు అరుగుతున్నది. నిలిపెయ్యుండ్రి."

"నీ పని గిన్నెలు కడగడం కొమురక్కా. యంత్రాల సంగతి నీకెందుకు?"

ఆయన నవ్వాడు. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని నవ్వాడు. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది, మొహం కొంచెం చిట్లింది. కడుపులో మంట ఉన్నవాళ్ళను నేను గుర్తుపడతాను.

ఐదో అర్జీ ఆయన చేతికే ఇచ్చాను. చదవకుండానే జేబులో పెట్టుకున్నాడు.

షిఫ్టు అయ్యాక రోజూలాగే గంజిదిమ్మె తీశాను. చిక్కగా కాచిన గంజిలో రెండు రబ్బరు గొట్టాలు పెట్టి గడ్డ కట్టిస్తాను. ఒకటి సిర, ఒకటి ధమని. పారేసిన సూదులు, పాత స్కానింగ్ పెట్టె. తొమ్మిదేళ్ళుగా రోజుకు నాలుగు లైన్లు గంజికి పెడుతున్నాను. ఎందుకని జైనబ్ అడిగితే చెయ్యి మర్చిపోకుండా అన్నాను. అసలు సంగతి వేరు. ఏదో ఒక రోజు ఆ మనిషి మెడ నా ముందుకు వస్తుందని ఎదురుచూస్తున్నాను. లైను పెడుతూ మనిషిని చంపడానికి పదకొండు దారులున్నాయి. పదకొండూ నాకు కంఠతా వచ్చు.

షిఫ్టు 3,209

ఇవాళ ఏమీ కడగలేదు.

విశ్వంభర్ కూలిపోయాడు. కడుపులో పుండు పగిలి రెండు షిఫ్టులైందట, ఎవరికీ చెప్పకుండా మాత్రలు మింగుతూ తిరిగాడు. విషం నెత్తురుకెక్కింది. రక్తపోటు నిలబెట్టే మందు ఆపకుండా ఎక్కించాలి. చేతి సిరలో గంటల తరబడి ఎక్కిస్తే చెయ్యి కుళ్ళుతుంది, సెంట్రల్ లైనే గతి. ఇనుపచెయ్యిని మెడ మీదికి తెస్తే అది గాల్లోనే వణికి ఆగిపోయిందట.

కొత్త సర్జన్ డాక్టర్ సుమేధ నా గదికి పరిగెత్తుకొచ్చింది. భూమి నుంచి వచ్చి మూడు నెలలు కాలేదు. కడుపు కోసి కుట్టడం బాగా వచ్చు ఆ అమ్మాయికి. లైను మాత్రం ఎప్పుడూ యంత్రమే పెట్టగా చూసింది.

"మీకు చేత్తో పెట్టడం వచ్చని జైనబ్ గారు చెప్పారు. వస్తారా అక్కా?"

చేతులు తుడుచుకున్నాను. నిజం రాస్తున్నాను, నాకు నవ్వొచ్చింది.

"వస్త. రెండు మాటలున్నయ్. పాత పద్ధతిల చేస్త, సాక్షి ఉండాలె, అప్పగింత ఉండాలె. రెండోది, జైనబ్‌తోని రెండు నిమిషాలు మాట్లాడాలె."

సుమేధ సరేనంది. తలుపు పక్కన జైనబ్ గోడకు ఆనుకుని నిలబడింది.

"అక్కా, నీ మొకం జూస్తే భయమైతున్నది. ఆయనను ఏం జెయ్యకు."

"ఆసుపత్రి నియమాలల్ల పదిహేడోది యాదికున్నదా?"

ఆమెకు గుర్తులేదు. నాకుంది. ముఖ్య వైద్యుడికి మత్తు ఇచ్చిన నిమిషం నుంచి మెలకువ వచ్చేదాకా ఆయన సంతకం అధికారం సర్వీసు ఎక్కువున్నవాళ్ళది. చదువు కాదు, ఏళ్ళు. గనివాళ్ళు రాసుకున్న నియమం అది. నా ఏళ్ళు కొట్టేశారు కాబట్టి ఇప్పుడు జైనబే అందరికంటే పెద్ద.

"ఓదెలును బయటికి తీసే కాయితం. ఎక్స్‌రే కాయితం. రెండిటి మీద నీ సంతకం."

"ఆయన లేస్తే నన్ను బతకనిస్తడా?"

"లేవాలెననే నేను కోరుకునేది. గట్టిగ లేవాలె. చచ్చిపోతే ఏం లాభం? పెద్ద మనిషి పోయిండని దండలేస్తరు, పేటకు ఆయన పేరు పెడ్తరు. తొమ్మిదేండ్ల సంది సంపాలెననే అనుకున్న. ఇప్పుడు వద్దనిపించింది. ఆయన కండ్లు తెరిచి చూడాలె."

జైనబ్ గోడ వదిలి నిటారుగా నిలబడింది. "ఆ రోగి కదిలిండని రాసిన గదా," అంది. "గా రాత నన్ను తింటున్నది." కాయితాలు తెమ్మంది.

షిఫ్టు 3,210

కాయితాలు సిద్ధమయ్యేసరికి షిఫ్టు మారింది. విశ్వంభర్ జ్వరంతో ఊగిపోతున్నాడు, అయినా తెలివిలోనే ఉన్నాడు. నన్ను చూడగానే మొహంలో ఉన్న కాస్త నెత్తురూ దిగిపోయింది. గాజు అవతల ఆయన భార్య మృదుల నిలబడి ఉంది. సాక్షి స్థానంలో జైనబ్.

"వేరే ఎవరూ లేరా?" అన్నాడు.

"లేరు సార్. మీరే తీసేసిండ్రు అందరిని."

ప్రతి అడుగూ పైకి చెబుతూ చేశాను, పాత పద్ధతి అదే. బల్ల తల వైపు కిందికి వంచాను. భూమ్మీద కాస్త వంచితే మెడ సిర నిండుతుంది. ఇక్కడ బరువు ఆరో వంతే, పైగా ఈయన ఒంట్లో నీళ్ళు లేవు, బాగా వంచి కాళ్ళకు పట్టీ కట్టాల్సి వచ్చింది. మెడను కొద్దిగానే ఎడమకు తిప్పాను. మరీ తిప్పితే ధమని వచ్చి సిర కింద దాక్కుంటుంది. మందు పూసి, ఆరేదాకా ఆగాను. ఆరనివ్వకపోతే పూసీ లాభం లేదు. సుమేధ కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. తొందరపడే చేతుల వల్ల నాకేం పోయిందో ఆ అమ్మాయికి తెలియదు.

స్కానింగ్ బిళ్ళ మెడ మీద పెట్టాను. రెండు నల్లటి గుండ్రాలు. నొక్కాను. ఒకటి అణిగిపోయింది, అది సిర. ఒకటి అణగలేదు, అది ధమని. ఇక్కడే మొదటి దారి ఉంది. సూదిని అరంగుళం పక్కకు దింపితే చాలు, యంత్రం చేసిన తప్పే నేనూ చేశానంటారు.

సూది కొసను తెర మీద చూస్తూ సిరలోకి దింపాను. నల్లటి నెత్తురు. అది చాలదు. పొడుగు గొట్టం తగిలించి నిలబెట్టాను. భూమ్మీద రెండు వేళ్ళ ఎత్తు ఎక్కే నెత్తురు ఇక్కడ జానెడు ఎక్కుతుంది. జానెడు దగ్గర ఆగి ఊపిరితో పాటు మెల్లగా ఆడింది. ధమని అయితే గొట్టం దాటి నా మొహాన కొట్టేది.

"సిరల ఉన్న," అన్నాను.

"రాసిన," అంది జైనబ్.

గొట్టం తీసేసి సూది నోటి మీద బొటనవేలు పెట్టాను. ఆ వేలి కింద ఆయన ప్రాణం ఉంది. వేలు తీసి ఒక్క లోతైన ఊపిరి పీల్చుకోనిస్తే గాలి బుస్సుమని గుండెలోకి పోతుంది. ఎవరూ కనిపెట్టలేరు. గంజిదిమ్మె మీద ఈ క్షణాన్ని ఎన్ని వేలసార్లు చూసుకున్నానో లెక్క లేదు. వేలు అక్కడే ఉంచాను. అదే నాకు ఆశ్చర్యం.

మొహం మీద కప్పిన గుడ్డ కింద నుంచి ఆయన గొంతు వచ్చింది. "కొమురక్కా, ఎందుకు నన్ను బతికిస్తున్నావు?"

"మీతోని పనున్నది సార్. ఊపిరి బిగవట్టుండ్రి."

బిగబట్టాడు. తీగ పోనిచ్చాను. గుండె కొట్టుకునే చప్పుడు వింటూ ఇరవై సెంటీమీటర్ల దగ్గర ఆపాను. అంతకంటే లోపలికి పోతే తీగ కొస గుండెను గీకుతుంది, చప్పుడు తడబడుతుంది. ఓదెలు గుండె మూడు షిఫ్టులు అట్లాగే తడబడింది. తీగ సిరలోనే ఉందని మళ్ళీ తెర మీద చూపించాను. ఆ తర్వాత సూది తీసి, దారి వెడల్పు చేసి, తీగ మీదుగా గొట్టం ఎక్కించాను. గొట్టం వెనక నుంచి తీగ తోక బయటికొచ్చేదాకా చర్మం దాటనివ్వలేదు. తోకను రెండు వేళ్ళతో పట్టుకున్నాకే తోశాను. చంటిపిల్లకు తెలిసే సంగతి ఇది. ఆ పెద్దమనిషికి ఆ రోజు తెలియలేదు.

తీగ బయటికి లాగాను. ఎత్తి పట్టుకున్నాను. జైనబ్ కొస నుంచి కొస దాకా చూసింది, స్కేలు పెట్టి కొలిచింది, వంపు తిరిగిన ముక్కు విరగలేదని వేలితో తడిమింది.

"చూశిన," అంది. అప్పుడు రాసింది.

గొట్టంలోని మూడు దారుల్లోనూ నెత్తురు వెనక్కి లాగి చూసి, మందునీళ్ళతో కడిగి, కుట్టేశాను. ఎక్స్‌రే తీస్తే గొట్టం కొస ఉండాల్సిన చోట ఉంది. తీగ కడిగి మృదుల చేతిలో పెట్టాను. ఆమె పెళ్ళయి వచ్చేసరికే ఆచారం పోయింది, ఏం చేయాలో తెలియలేదు.

"ఇంట్ల మేకుకు తగిలియ్యుండ్రి అమ్మా. అది మీ చేతికొచ్చిందంటే ఆయన లోపల లేదని లెక్క."

పది నిమిషాలకు మత్తు ఇచ్చారు. పదకొండో నిమిషానికి జైనబ్ సంతకం పెట్టింది.

అదే షిఫ్టు, తర్వాత

చల్లగుంటకు పోయింది ఓదెలు గ్యాంగువాళ్ళు ఐదుగురు. అడగ్గానే సూట్లు తొడిగారు, ఎందుకని కూడా అడగలేదు. గంటన్నరలో బండి మీద తెచ్చారు. అక్కడ సుమేధ కడుపు కుడుతూనే ఉంది, ఇక్కడ నా తమ్ముణ్ణి ఎక్స్‌రే బల్ల మీద పెట్టారు.

వాడి కనురెప్పల మీద మంచు ఉంది. ఇరవై ఆరేళ్ళ మొహమే ఉంది. నాకిప్పుడు యాభై మూడు. చేత్తో తుడవబోయి ఆగాను, వేళ్ళు అతుక్కుంటాయి.

బొమ్మ తెర మీదికి వచ్చింది. మెడ నుంచి మొదలై గుండె గదుల్లోంచి కిందికి దిగి, కడుపు దగ్గర వంకర తిరిగిన తెల్లటి గీత. ఎవరికీ ఏమీ వివరించాల్సిన పని రాలేదు. గ్యాంగు మేస్త్రీ రాజయ్య కుర్చీలో కూలబడి, "నువ్వు చెప్తె పిచ్చిదనుకున్నం బిడ్డా," అన్నాడు.

"నేను సుత తప్పు జేసిన మామా. చూడకుంట 'చూశిన' అన్న. అది గూడ రాయుండ్రి," అన్నాను. తప్పొప్పులు తేల్చే గని సభకు పోయే కాయితంలో నా పేరు ముందు రాయించాను, ఆయన పేరు తర్వాత. నన్ను వదిలేసి ఆయన్ని పట్టుకుంటే నా పగకు విలువ ఉండదు.

నాలుగు గంటల ఇరవై నిమిషాలు మత్తులో ఉన్నాడు విశ్వంభర్. ఆపరేషన్ బాగా జరిగింది. ఇంత మనస్ఫూర్తిగా నేను ఇంకెవరి ప్రాణం కోసమూ కోరుకోలేదు.

షిఫ్టు 3,216

ఆవిరిపెట్టె జోలికి పోలేదు. ఇవాళ లైను తీసే రోజు. పెట్టినవాళ్ళే తీయాలని పాత పద్ధతి.

ఐదు షిఫ్టులు ఆయన మగతలో ఉన్నాడు. నిన్న అంబలి తాగాడు, ఇవాళ దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. మంచం ఎదురుగా గోడ మీది తెరకు గుడ్డ కప్పి ఉంచాం. మృదుల కుర్చీలో ఉంది. ఆయన తీగ ఆమె చేతిలోనే ఉంది, ఇంటికి తీసుకుపోలేదు.

మంచం చదును చేసి పడుకోబెట్టాను. తీసేటప్పుడూ గాలి పోగలదు, జనం అది మర్చిపోతారు. ఊపిరి బిగబట్టమని గొట్టం లాగి, గుడ్డతో అయిదు నిమిషాలు అదిమి పట్టుకున్నాను. నెత్తురు ఆగింది. పట్టీ వేశాను.

"నీ రుణం ఎట్లా తీర్చుకోవాలి కొమురక్కా?" అన్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. "నీ సర్వీసు నీకు తిరిగి ఇప్పిస్తాను."

జైనబ్ తెర మీది గుడ్డ తీసింది.

ఆయన ఓదెలు ఎక్స్‌రే బొమ్మ చూశాడు. డాక్టరు కదా, ఒక్క క్షణం పట్టలేదు. నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "సంతకం ఎవరు పెట్టారు?"

"నేను సార్," అంది జైనబ్. చంకలోని పాత రికార్డు ముందుకు తీసింది.

నిన్న సుమేధ ఓదెలు మెడ దగ్గర కోసి తీసిన తీగ నా జేబులో ఉంది. బయటికి తీశాను. మృదుల లేచి వచ్చి తన చేతిలోని తీగను దాని పక్కన పెట్టి చూసింది. రెండూ ఒకే పొడుగు. ఒకటి మెరుస్తోంది, ఒకటి నల్లబడింది. ఆమె తన తీగను మంచం మీద పెట్టి, మొగుడికి దూరంగా జరిగి నిలబడింది.

ఓదెలు తీగను విశ్వంభర్ అరచేతిలో పెట్టి ఆయన వేళ్ళు నేనే ముడిచాను.

"రేపు గని సభల ఏం జెప్పుకుంటరో చెప్పుకోండ్రి. నాకు ఒక్క మాట కావాలె. తీగ బయటికొచ్చింది. చూశిండ్రా?"

ఆయన మొహం తిప్పుకున్నాడు.

"చెప్పండి," అంది మృదుల.

తొమ్మిదేళ్ళు ఆగినదాన్ని, నాకు తొందరేమీ లేదు.

"చూశాను," అన్నాడు.

"రాయి జైనబూ."

ఆమె పాత రికార్డు తెరిచింది, తొమ్మిదేళ్ళ కిందటి పేజీ. నేను పలికిన అబద్ధం పక్కన ఇవాళ్టి తేదీ వేసి ఆయన మాట రాసింది. తీగ ఆయన చేతిలోంచి తీసుకున్నాను. గట్టిగా ఏమీ పట్టుకోలేదు.

రేపు సభ ఆయన్ని ఏం చేస్తుందో, నన్ను ఏం చేస్తుందో తెలియదు. ఇద్దరం ఒకే బల్ల ముందు నిలబడతాం. ఇప్పుడే ఇంటికొచ్చి తీగను మేకుకు తగిలించాను. నేను కూడా దాని ముందు నిలబడి ఆ మాట పైకి అన్నాను. ఈసారి చూసి అన్నాను.